పదిహేను కత్తుల పెట్టె

(చెన్నై, వెస్ట్ మాంబళం. రెండో అంతస్తులో ఒక వంటిల్లు. రాజ్యం చేతిలో చిన్న కత్తి, ఎదురుగా గట్టు మీద పెద్ద గుమ్మడికాయ. పక్కనే బేసిన్ నీళ్లలో ఒక సానరాయి నానుతోంది. ప్రసాదరావు ఫోనుతో వచ్చాడు.)

ప్రసాదరావు: రాజ్యం, నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది చూడు. తొందరగా చెప్పు.

రాజ్యం: దేనికండీ?

ప్రసాదరావు: కత్తుల సెట్టు. పదిహేను పీసులు. కొయ్య స్టాండుతో కలిపి ఆరువేల ఎనిమిది వందలు. జర్మన్ స్టీలు!

రాజ్యం: పదిహేనా! ఇంట్లో ఉన్నది ఇద్దరం. పోపుల డబ్బాలోనే ఏడు గిన్నెలు. ఏవేవో చదవండి, తర్వాత చెప్తా ఓటీపీ.

ప్రసాదరావు: చదవడానికేముంది... స్టేక్ కత్తులు ఆరు.

రాజ్యం: అవెందుకు?

ప్రసాదరావు: పెద్ద మాంసం ముక్క కంచంలో పెట్టుకుని ఎవరిది వాళ్లు కోసుకుని తినడానికి.

రాజ్యం: మనింట్లో కంచంలో పెట్టుకుని కోసుకునేది ఏముందండీ, ఊతప్పమా? ఆరూ పోయాయి. తర్వాత?

ప్రసాదరావు: కత్తెర.

రాజ్యం: కత్తెర కూడా కత్తేనా?

ప్రసాదరావు: లెక్కలో వేశాడు మరి. నూరే కడ్డీ ఒకటి. స్టాండు ఒకటి.

రాజ్యం: స్టాండునీ లెక్కేశారా! కొయ్యదుంగ కూరగాయలు కోస్తుందా? పైగా ఈ ఊరి ఉక్కకి ఆ బెజ్జాల్లో తడి ఆరదు. తడిచెయ్యి, తడికత్తి, లోపలంతా బూజు. మన బొద్దింకలకి అపార్ట్‌మెంటు కట్టించినట్టు ఉంటుంది. మిగిలినవి?

ప్రసాదరావు: (వేళ్లు మడుస్తూ) ఆరూ, ఒకటీ, ఒకటీ, ఒకటీ... తొమ్మిది పోతే ఆరు. ఎనిమిదంగుళాల షెఫ్ కత్తి, ఏడంగుళాల సాంటోకు, బ్రెడ్ కత్తి, కార్వింగ్ కత్తి, అయిదంగుళాల యుటిలిటీ కత్తి, మూడున్నర అంగుళాల పేరింగ్ కత్తి.

రాజ్యం: కార్వింగ్ అంటే?

ప్రసాదరావు: పండక్కి పక్షిని మొత్తంగా కాల్చి, బల్ల మీద పెట్టి, పలచగా పొరలు తియ్యడానికి.

రాజ్యం: కోడిని కొట్టులోనే చింతమొద్దు మీద ముక్కలు కొట్టిస్తున్నాం. వంజరాన్ని మార్కెట్లో ఆవిడే నిలువుపీట మీద చక్రాలు కోసిస్తుంది. మనకి మిగిలింది కడుక్కోవడమే. ఇంక పొరలెక్కడ తీస్తారు?

ప్రసాదరావు: సరే, అది తీసెయ్. కానీ షెఫ్ కత్తీ సాంటోకూ రెండూ...

రాజ్యం: రెండింటికీ తేడా ఏంటి?

ప్రసాదరావు: (ఉత్సాహంగా) షెఫ్ కత్తి వాదర, అంటే కోసే అంచు, మొన వైపు వంపు తిరిగి ఉంటుంది. మొన బోర్డుకి ఆనించి పిడిని పైకీ కిందికీ ఊపుతూ కొయ్యాలి. కొత్తిమీర, పుదీనా, వెల్లుల్లి బాగా తరుగుతుంది. సాంటోకు వాదర దాదాపు తిన్నన. ఊపడం కుదరదు, నిలువునా దించాలి. క్యారెట్టు, బీన్సు, క్యాబేజీకి అది సుఖం. చెయ్యి చిన్నదైనా, గట్టు ఇరుకైనా సాంటోకు.

రాజ్యం: అంటే రెండూ చేసేది ఒకటే పని, చెయ్యి తిరిగే పద్ధతి వేరు. అలాంటప్పుడు రెండెందుకు?

ప్రసాదరావు: (కాసేపు ఆగి) ఒకటి చాలు.

రాజ్యం: యుటిలిటీ?

ప్రసాదరావు: అది... బోర్డు మీద పెడితే వేలికణుపులు బోర్డుకి కొట్టుకుంటాయి. చేతిలో పట్టుకుని తొక్క తీద్దామంటే పొడుగెక్కువ.

రాజ్యం: మీరు అమ్ముతున్నారా, కొంటున్నారా? అదీ పోయింది. ఎన్ని మిగిలాయి?

ప్రసాదరావు: పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, బ్రెడ్‌ది ఒకటి. మూడు.

రాజ్యం: చిన్నది నా చేతిలోనే ఉంది. బ్రెడ్‌ది రంపంపళ్లది, పదేళ్ల బట్టీ ఉంది. అది ఎంత చవకదైనా పరవాలేదు. పళ్లున్న కత్తిని ఇంట్లో సాన పట్టలేం, మొద్దుబారితే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే. ఇంక పెద్దది. సొరుగు తీయండి.

ప్రసాదరావు: ఏ సొరుగు?

రాజ్యం: గరిటెలు, అట్లకాడ, చపాతీకర్ర పడేసే సొరుగు. అబ్బాయి తెచ్చిన ఎనిమిదంగుళాల కత్తి అడుగున ఉంటుంది.

(తీశాడు. వాదర వెలుతురుకి పెడితే అక్కడక్కడా తెల్లగా మెరుస్తోంది.)

ప్రసాదరావు: ఇది మొద్దుబారిపోయింది రాజ్యం. పదునుగా ఉన్న వాదర మెరవదు. మెరిసిన ప్రతిచోటా మొద్దు.

రాజ్యం: మెరవదా మరి! సొరుగు లాగినప్పుడల్లా ఇనుపగరిటెలతో కొట్టుకుంటుంది. పాల ప్యాకెట్ల అట్టపెట్టె చింపి, మడిచి, టేపు వేసి ఒక ఒర చెయ్యమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. బద్దలా గోడకి కొట్టే అయస్కాంతం అయినా సరే. పని మానేసి కూచుని ఫోన్లో కత్తులు చూస్తారు.

ప్రసాదరావు: అయినా కొత్తది జర్మన్ స్టీలు కదా...

రాజ్యం: ఏ స్టీలో రాశాడా?

ప్రసాదరావు: (ఫోను పైకీ కిందికీ జరిపి) జర్మన్ అనే రాశాడు. నంబరు లేదు. ఎక్స్50 అని ఉండాలి. అంటే కార్బన్ అర శాతం, క్రోమియం పదిహేను శాతం దాకా. గట్టితనం రాక్‌వెల్ కొలతలో 56 ప్రాంతం. వీజీ10 అంటే జపాన్‌ది, కార్బన్ ఒక శాతం, 60 వరకూ వెళ్తుంది. అబ్బాయి తెచ్చిన దీని మీద... (కళ్లద్దాలు సర్దుకుని) ఎక్స్50 అని చెక్కి ఉంది.

రాజ్యం: ఆహా!

ప్రసాదరావు: జపాన్‌ది ఒకటి కొందాం అయితే. ఇదిగో, అలలు అలలుగా డమాస్కస్ డిజైను...

రాజ్యం: దాంతో ఈ గుమ్మడికాయ కోస్తారా?

ప్రసాదరావు: అబ్బే, కొయ్యకూడదు. స్టీలు ఎంత గట్టిదో అంత పెళుసు. గుమ్మడికాయలో దిగాక పక్కకి తిప్పితే వాదర పెచ్చు లేస్తుంది. ఎముక, కొబ్బరిచిప్ప, ఫ్రీజర్లోంచి తీసిన గడ్డ, దేనికీ పనికిరాదు. (తనే నాలుక కరుచుకుని) ఆ అలలు కూడా చవకవాటి మీద లేజరుతో గీసిన బొమ్మే. అసలు ఒకప్పటి డమాస్కస్ కత్తుల ఉక్కు మన దక్షిణాదిదే. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో కరిగిస్తే పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు.

రాజ్యం: ఉక్కు మనది, బొమ్మ వాళ్లది, డబ్బులు మీవి. పారీస్ కార్నర్లో దొరికే మామూలు ఇనప కత్తి ఎలా ఉంటుందంటారు? పదును బాగా నిలుస్తుందిగా.

ప్రసాదరావు: నిలుస్తుంది, సాన పట్టడమూ తేలికే. కానీ కోసిన వెంటనే కడిగి తుడవాలి. నిమ్మకాయ కోసి అలా వదిలేస్తే ఆ పూటే మచ్చ. ఈ సముద్రపు గాలికి తడి ఉంటే రాత్రికి రాత్రే తుప్పు. వాడనప్పుడు కొబ్బరినూనె చుక్క రాసి పెట్టాలి. నువ్వు సింకులో పడేసి సీరియల్‌కి వెళ్లిపోతావు.

రాజ్యం: సింకులో పడేసేది ఎవరండీ? నురగలో కనపడక నిన్న నా వేలు తెగేది!

ప్రసాదరావు: (మాట మార్చి) రాయి నానింది. బుడగలు ఆగిపోయాయి చూడు. నీళ్లు తాగడం అయినట్టే.

రాజ్యం: ఎందుకొచ్చిన తంటా? కింద సైకిలు మీద సానచక్రం అతను వస్తాడుగా.

ప్రసాదరావు: నీ కత్తిపీట ఇవ్వు, పరవాలేదు, మందం. పలచటి కత్తి ఇస్తే చక్రం వేడికి వాదర నీలంరంగు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ స్టీలు మెత్తబడింది. పదును పెట్టిన వారానికే పోతుంది. అతను మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతుంటే ఇవ్వచ్చు, లేకపోతే వద్దు.

రాజ్యం: రాయి కింద తడిగుడ్డ వేయండి, జారుతుంది.

ప్రసాదరావు: వెయ్యి నంబరు వైపు పైకి. నంబరు తగ్గేకొద్దీ రాయి గరుకు. వాదర విరిగితే నాలుగు వందలది కావాలి, మనకి అక్కర్లేదు. అవతలి వైపు ఆరువేలది, అది మెరుగుకి.

(కత్తి ఏటవాలుగా పెట్టి తోస్తాడు. ష్... ష్... ష్...)

రాజ్యం: వెన్ను లేస్తోంది.

ప్రసాదరావు: (నడుం నిటారుగా పెట్టి) సరిపోయిందా?

రాజ్యం: మీ వెన్ను కాదు, కత్తి వెన్ను! మొదట్లో చిటికెనవేలంత ఎత్తు, చివరికొచ్చేసరికి బొటనవేలంత.

ప్రసాదరావు: కరెక్టే. నలభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తికి పదిహేను డిగ్రీలంటే వెన్ను పన్నెండు మిల్లీమీటర్లు లేవాలి. నీ చిటికెనవేలే లెక్క. ఎత్తు మారితే వాదర గుండ్రమవుతుంది, ఎంతసేపు రుద్దినా పదును రాదు. ఆ నల్ల మార్కరు ఇలా ఇయ్యి.

రాజ్యం: మార్కరు దేనికి?

ప్రసాదరావు: వాదర పొడుగునా సన్నగా పూస్తా. రెండుసార్లు రుద్ది చూడాలి. రంగు అంచు దాకా పోతే ఎత్తు సరిపోయినట్టు. పైపైన పోయి అంచున మిగిలితే వెన్ను ఇంకా ఎత్తాలి. అంచున మాత్రమే పోతే దించాలి.

(ష్... ష్... రాయి మీద నల్లటి బురద పేరుకుంటోంది.)

రాజ్యం: అబ్బ, ఆ మురికి కడిగేయండి.

ప్రసాదరావు: కడక్కు! దాంట్లో రాతిపొడి ఉంది, కోసేది అదే. ఆరిపోతుంటే నాలుగు చుక్కలు చిలకరించు చాలు. (వేలు పెట్టబోయాడు)

రాజ్యం: అయ్యో, వేలు!

ప్రసాదరావు: వాదర పొడుగునా పెడితే తెగుతుంది. వెన్ను వైపు నుంచి అంచు బయటికి జార్చాలి, ఇలా. నేను రుద్దని వైపు గరుగ్గా, సన్నటి పోగులా తగిలిందా? ఈ చివర నుంచి ఆ చివర దాకా అది తగిలితే అప్పుడు రెండో వైపు తిప్పాలి. మధ్యలో ఒకచోట తగలకపోతే అక్కడ ఇంకా వాదర రాలేదన్నమాట. తొందరపడి తిప్పేసేది ఇక్కడే, అందరూ.

రాజ్యం: పిడి దగ్గర తగలట్లేదు.

ప్రసాదరావు: అక్కడ నేను నొక్కడంలేదు. చాలామంది మొనకేసి రుద్ది పిడి వైపు వదిలేస్తారు. రెండు వైపులా అయ్యాక ఒత్తిడి లేకుండా ఇటొకటి అటొకటి తోస్తే ఆ పోగు ఊడిపోతుంది. అది వదిలేస్తే మొదటి టమాటాకే మడుచుకుపోతుంది.

రాజ్యం: మరి ఆ సెట్టులో కడ్డీ?

ప్రసాదరావు: కడ్డీ నూరదు రాజ్యం. వాడే కొద్దీ వాదర పక్కకి వంగుతుంది, కడ్డీ దాన్ని తిన్నగా నిలబెడుతుంది, అంతే. వారానికోసారి నాలుగుసార్లు అటూ ఇటూ. కడ్డీకీ లొంగకపోతే రాయి. మన వాడకానికి రెండు మూడు నెలలకోసారి చాలు.

(కత్తి కడిగి తుడిచాడు. రాజ్యం టమాటా తెచ్చి గాజు బోర్డు మీద పెట్టింది.)

ప్రసాదరావు: ఆగాగు! గాజు మీదా!

రాజ్యం: మీరు కొన్నదే. శుభ్రంగా ఉంటుందన్నారు.

ప్రసాదరావు: గాజు, గ్రానైటు గట్టు, స్టీలు పళ్లెం, మూడూ వాదరని మడిచేస్తాయి. కొయ్యది, లేకపోతే మందం ప్లాస్టిక్‌ది. కోడి కోసేది వేరే. కింద తడిగుడ్డ.

(చెక్క బోర్డు మీద టమాటా. కత్తిని ఊరికే ఆనించి ముందుకి జరిపాడు. తొక్క నొక్కుకోలేదు, గింజలు చిమ్మలేదు. పలచటి చక్రం పక్కకి వాలింది.)

రాజ్యం: (ఒప్పుకోవడం ఇష్టంలేక) ఊఁ. ఉల్లిపాయకీ కళ్లు తక్కువ మండుతాయిలెండి, నలపకుండా కోస్తే.

ప్రసాదరావు: ఇంక నీ కత్తిపీట అటకెక్కించెయ్యి.

రాజ్యం: ఎందుకు ఎక్కించాలి? గోంగూర కట్ట మీ కత్తితో తరగండి, కట్ట ఒక చేత్తో, కత్తి ఒక చేత్తో, సగం ఆకు నేల మీద. పీటయితే రెండు చేతులూ కట్ట మీదే ఉంటాయి. పనసకాయ? అరటిదవ్వ? చివర కొబ్బరికోరు మీ స్టాండులో ఏ బెజ్జంలో ఉంది?

ప్రసాదరావు: అరటికాయ నల్లబడుతుంది దాంతో.

రాజ్యం: ఇనుముకి వగరు తగిలితే నల్లబడుతుంది. ముక్కలు మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తే సరి. పనసకాయకి ముందు పీటకీ చేతులకీ నూనె రాసుకోవాలి, లేకపోతే బంక వదలదు. మోకాళ్లు సహకరించిన రోజు పీట, లేనిరోజు మీ కత్తి.

ప్రసాదరావు: ఏదీ, గుమ్మడికాయ. (కత్తి ఎత్తాడు)

రాజ్యం: కొట్టకండి! అడుగున ఒక పలచటి చెక్క తీసి ఆ చదునువైపు కింద పెట్టండి, దొర్లదు. తొడిమ పక్కన మొన దించి, వెన్ను మీద అరచెయ్యి ఆనించి కిందికి నొక్కండి. ఇరుక్కుంటే పక్కకి తిప్పకండి, పైకి లాగి కాయ తిప్పండి. పట్టు కూడా అలా కాదు, పిడి చివర పట్టుకుంటే మొన ఊగుతుంది. బొటనవేలూ చూపుడువేలూ రేకుని పట్టుకోవాలి.

(కాయ రెండుగా విచ్చుకుంది. ప్రసాదరావు ముక్కలు కోసి, వాదరతోనే బోర్డు మీద గీకుతూ గిన్నెలోకి తోశాడు.)

రాజ్యం: వెన్నుతో తొయ్యాలి, వాదరతో కాదు! ఇప్పుడేగా అరగంట రుద్దారు. ఇటివ్వండి.

ప్రసాదరావు: ఇంద. (చెయ్యి చాపాడు)

రాజ్యం: చేతికివ్వకండి, బోర్డు మీద పెట్టండి! కత్తి చేతికిస్తే మొగుడూ పెళ్లాలకి గొడవలొస్తాయి.

ప్రసాదరావు: ముప్పై మూడేళ్ల నుంచి కింద పెట్టే ఇస్తున్నాను గదే!