నీలిమూత గొట్టం గారికి నల్లగొండ జిల్లా విన్నపం

శ్రీయుత నీలిమూత గొట్టం గారికి,

నల్లగొండ జిల్లా నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. రక్తం గడ్డకట్టే తీరును చూసే పరీక్షలకు రక్తం పట్టేది తమరిలోనే కదా; ఆ పరీక్షల్లో వెలువడే తమరి తీర్పుల ప్రకారం మాత్రం మాలో కొందరు క్షేమంగా లేరు. ఆ విషయమే విన్నవించుకుందామని ఈ లేఖ.

రక్తం 9 పాళ్లకు తమ కడుపులోని, కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపే సైట్రేటు 1 పాలు ఉండాలన్న నియమం మాకు తెలియనిది కాదు. పసిబిడ్డకు నరం దొరకక సిస్టరమ్మ సగం గొట్టంతో సరిపెడితే, మిగులు సైట్రేటు పరీక్షలో కలిపే కాల్షియాన్ని కూడా పట్టేసుకుని, చక్కగా గడ్డకట్టే రక్తాన్ని ఆలస్యంగా గడ్డకట్టేదిగా చూపిస్తుంది. గీత గీసి మరీ చెప్పారు కనుక అక్కడ తమను తప్పుపట్టలేం.

అయితే తమ గడియారం హైదరాబాదులో తయారైనట్టుంది. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్ష రక్తం తీసిన 4 గంటల్లోపు జరగాలంటారు. దేవరకొండలో పొద్దున తీసిన శాంపిలు, తోటి శాంపిళ్లన్నీ పోగయ్యేదాకా కలెక్షన్ సెంటరులో కూర్చుని, మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులో ఊగి, నగరం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ల్యాబు మెట్లెక్కేసరికి ఎంత పొద్దుపోతుందో తమరే ఊహించుకోవచ్చు. అక్కడికక్కడే రక్తకణాలు తీసేసిన ద్రవాన్ని, అంటే ప్లాస్మాను, వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపితే తమకు అభ్యంతరం లేదట. ఆ ఫ్రీజరు ఎవరు కొనాలో మాత్రం సెలవివ్వలేదు. ఎండకు భయపడి కుర్రవాడు ఐసు డబ్బాలో పెడితే అదీ నేరమే. పెరుగు పులవకుండా కాపాడే చల్లదనమే తమ లోపలి రక్తంలో గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్లైన 8వ ఫ్యాక్టరును, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టరును తగ్గించి, ఏ జబ్బూ లేని పిల్లకు వంశపారంపర్య రక్తస్రావ వ్యాధిని అంటగట్టగలదు. ఆ కాగితం చూసిన పెళ్లివారు ఐసు డబ్బా సంగతి అడుగుతారా?

కాలి సిరలో గడ్డ ఏర్పడి ఆసుపత్రిలో పడి ఉన్నవాడికి ఆ వారంలోనే, రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటిథ్రాంబిన్ పరీక్షలను ప్యాకేజీగా రాయడం మరో వేడుక. కొత్త గడ్డ వాటిని కొంత ఖర్చు చేస్తుంది, గడ్డలకిచ్చే మందుల్లో హెపారిన్ యాంటిథ్రాంబిన్‌ను తగ్గిస్తుంది, వార్ఫరిన్ మిగతా రెండింటినీ దించుతుంది. ఏ మందూ వాడకపోయినా గర్భిణిలో ప్రొటీన్ ఎస్ పడిపోతుంది. ఏ మందు వాడుతున్నారని అడిగే గడి ఫారంలో ఉండదు, వంశపారంపర్య లోపమంటూ తాతముత్తాతల మీద నింద మాత్రం రిపోర్టులో బొద్దు అక్షరాల్లో ఉంటుంది. గడ్డలు కట్టే ముప్పును పెంచే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ కనబడితే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చూడాలన్న మాట కూడా ఆ అక్షరాల నీడలోనే పోతుంది.

ఇంత పట్టింపు గల తమరే, మేనరికాలు ఇంకా విడవని మా ఇళ్లలో 13వ ఫ్యాక్టరు లేకుండా పుట్టి, బొడ్డు ఊడినచోట రక్తం ఆగని బిడ్డను, పీటీ (ఇదీ గడ్డకట్టే సమయం కొలిచేదే), ఏపీటీటీ రెండూ నార్మల్ అంటూ నిర్దోషిగా వదిలేస్తారు. ఆ రెండు పరీక్షలూ గడ్డ ఏర్పడగానే చేతులు దులుపుకుంటాయి. ఏర్పడిన గడ్డను గట్టిపరచడం 13వ ఫ్యాక్టరు పని. గడ్డను యూరియా ద్రావణంలో వేసి కరుగుతుందో లేదో చూసే పాత పరీక్ష, ఆ లోపం తీవ్రంగా ఉంటే పట్టేస్తుంది; దానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. దాన్ని కూడా రాయించే ఏర్పాటు చేయగలరని ప్రార్థన. యూరియా కోసం మా రైతులు ఎలాగూ వరుసల్లో నిలబడుతూనే ఉన్నారు కనుక, ల్యాబువారు కూడా వచ్చి ఆ వెనకాల చెప్పులు పెట్టి వెళ్లవచ్చు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా వాస్తవ్యుడు