ఇచ్చిన రాయి మీద కుదురుగా ఉండలేని మాక్సిమా గారికి

మా ఉప్పునీళ్ల అక్వేరియంలో కాపురముంటున్న గుల్ల, మహారాజశ్రీ మాక్సిమా క్లామ్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాసేద్దామనుకున్నా గానీ, మీ విషయంలో తలిస్తే సరిపోదు, నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ తీయాలి. తీశాను. ఆల్కలినిటీ 8.5, కాల్షియం 430, మెగ్నీషియం 1350, ఉప్పు 35, వేడి 78 ఫారన్‌హీట్. ఈ ఇంట్లో నిలకడగా ఉన్నవి ఈ అంకెలొక్కటే. నా బీపీ ఆ జాబితాలో లేదు.

ఇక విషయానికొస్తాను. ఆ రాయి మీకేం తక్కువ చేసిందండీ?

లైటు సరిగ్గా నెత్తి మీద పడే చోటది. పంపు నీళ్లు మీ మీదికి నేరుగా కొట్టకుండా పక్క నుంచి పోతాయి. కింద కుదురుగా కూర్చోడానికి చిన్న గుంట కూడా ఉంది. ఆ చోటు మీకివ్వడానికి అప్పటికే అక్కడున్న పగడాలను ఖాళీ చేయించాను. వచ్చిన కొత్తలో బుద్ధిగా కూర్చున్నారు, మాంటిల్ (అదే, చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకునే ఆ మెత్తటి కండ) పూర్తిగా విప్పారు, నీలం మీద బంగారు చుక్కలు చూపించారు. ఒంట్లోంచి వచ్చే దారాలు వేసి రాయిని పట్టుకున్నారనే నమ్మాను. తీరా చూస్తే, నిన్న లైట్లారాక అద్దె ఎగ్గొట్టి సామాను సర్దుకున్నవాడిలా దిగి వెళ్లిపోయారు. పోయి పోయి ఎక్కడికి? రాయికీ వెనకద్దానికీ మధ్య సందులోకి. అదీ మాంటిల్ గోడవైపు తిప్పుకుని.

మాంటిల్ అంచు పొడుగునా మీకు వందల కళ్లున్నాయి. బొమ్మ స్పష్టంగా కనపడదు, ఒప్పుకుంటా. కానీ వెలుగేదో నీడేదో బ్రహ్మాండంగా తెలుస్తుంది. టాంకు ముందు నుంచి మా ఆవిడ నడిచి వెళ్తే చాలు, టక్కున మూసుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఇంతవరకూ ఒక్కరూ మిమ్మల్ని తెరిచి ఉండగా చూడలేదు. అలాంటిది, చీకటి సందులోకి దిగుతుంటే అన్ని కళ్లలో ఒక్కటైనా మీకు చెప్పలేదా? ఒంట్లో నాచు పెంచుకుని, అది వెలుతురుతో చేసిపెట్టింది తిని బతికే మీరు, వెలుతురు లేని చోటికి ఏం పనుండి వెళ్లినట్టు?

సరే, చేత్తో తీసి యథాస్థానంలో పెట్టేద్దామంటే అదీ కుదరదు. నేనిచ్చిన రాయికి వేయని దారాలు తమరు ఆ గాజుకి వేసేశారు. పట్టి లాగితే దారాల మొదట్లో ఉండే గ్రంథి చిరుగుతుంది. అది చిరిగితే మీరు దక్కరు. కాబట్టి ఈ ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడ టెక్సస్ ఫ్రిస్కోలో మాకు తెలిసిన తెలుగువాళ్లంతా సత్యనారాయణ వ్రతం భోజనాల్లో కూర్చుని పులిహోర తింటుంటే, నేను స్టూలెక్కి, చెయ్యి భుజం దాకా ఉప్పునీళ్లలో పెట్టి, చెంప అద్దానికి ఆనించి, బ్లేడుతో ఆ దారాలు కోస్తూ కూర్చున్నాను. మీ వైపు కాదు, గాజు వైపు, ఒక్కొక్కటిగా. సన్నటి జిగురు దారాలు. బ్లేడు జారుతుంది. ఒకటి తెగితే దాని వెనక ఇంకోటి కనపడుతుంది. చివరిది తెగాక ఊపిరి పీల్చుకుని మిమ్మల్ని మెల్లగా పైకి తెస్తే, నీళ్ల పైకి వస్తూనే ధడాల్న మూసుకుని లోపలున్న ఉప్పునీళ్లన్నీ సరిగ్గా నా కంట్లో కొట్టారు.

కొట్టారేంటి, కొట్టావు! ఇంకా ఏం గార్లు, ఏం మర్యాదలు? ముందు మగగా పుట్టి, పెద్దయ్యాక ఆడా మగా రెండూ అయ్యే జాతి నీది. ఏరా అనాలో ఏమే అనాలో కూడా తెలియక నువ్వుతో ఆగుతున్నాను, సంతోషించు.

మీ వంశంలోనే గైగాస్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. నాలుగడుగుల పొడవు, 200 కిలోల పైమాట. పెద్దయ్యాక ఆయనకు దారాలు కూడా అక్కర్లేదు, కూర్చున్న చోటే కూర్చుంటాడు. అరచేతిలో పట్టే నీకు మాత్రం టాంకంతా తిరగాలి!

మిగతావి అడగను. నీళ్లలో నైట్రేటు ఎక్కువైతే టాంకులో నాచు పేరుకుంటుంది, మరీ శుభ్రం చేస్తే నువ్వు చిక్కిపోతావు. బియ్యపు గింజ కన్నా చిన్నవి, తెల్ల నత్తలు, రాత్రిపూట నీ చిప్పనంటుకుని రసం పీలుస్తాయేమోనని టార్చి పట్టుకుని కాపలా కాసేదెవరు? నేనే. ఇవన్నీ మామూలే, వదిలేశాను. ఆ రాయి సంగతి మాత్రం వదల్లేను.

కాకినాడ నుంచి అమ్మ వీడియో కాల్‌లో ఇదంతా చూసి, "గుల్లలు కాల్చి సున్నం చేస్తారు గానీ, గుల్లకి సేవలేంట్రా?" అంది. రోజూ రాత్రి నేను చేసేది అదే పని, కాకపోతే తలకిందులుగా: సున్నపు నీళ్లు కలిపి, నీ చిప్ప పెరగడానికి చుక్క చుక్కగా టాంకులో పడేలా పెడుతున్నా. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

ఈసారి నిన్ను చిన్న పలకరాయి మీద పెట్టి, ఆ పలకని పాత చోటే ఉంచాను. దారాలు దానికే వెయ్యి. తర్వాత నీకెక్కడికి పోవాలనిపించినా పలకతో సహా నేనే మోసుకెళ్తా, బ్లేడుతో పనుండదు. సాయంత్రానికి తెరుచుకున్నావు. చిప్ప అంచున కొత్తగా పెరిగిన తెల్లటి గీత కనపడింది. అది చూశాక కోపం సగం దిగింది. మిగతా సగం నాకవసరం, ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
కన్ను ఇంకా మండుతున్న నీ యజమాని

తా.క. వ్రతంలో మీ ఆయన ఏడీ అని అడిగితే, మా ఆవిడ "క్లామ్‌కి ఒంట్లో బాగోలేదు" అని చెప్పిందట. వచ్చే శనివారం నాలుగు కుటుంబాలు నిన్ను పరామర్శించడానికి వస్తున్నాయి. ఆ పూటయినా తెరుచుకుని ఏడువు.