మోత తగ్గింది, గోల పెరిగింది

రేసు కారు ఇంజిన్ శబ్దం తగ్గించడం ప్రాథమిక హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందా రాదా అన్నది ఇంకా ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. అభిమానులు మాత్రం అంతవరకూ ఆగలేదు. 2014 మార్చిలో, పాత ఎనిమిది సిలిండర్ల వి8ల స్థానంలో వచ్చిన ఆరు సిలిండర్ల ఫార్ములా వన్ వి6 హైబ్రిడ్ కార్లు మెల్‌బోర్న్‌లో తొలి రేసు పరిగెత్తాయి. ఆ వారాంతం ముగిసేలోగానే తీర్పు వెలువడింది. అక్కడి నిర్వాహకులైతే ఒప్పందానికే భంగం కలిగిందన్నారు. టికెట్ కొని లోపలికొచ్చినవాడు "నా చెవులు సరిగ్గా దిబ్బడ వేయలేదు" అని ఫిర్యాదు చేసే వ్యాపారం ప్రపంచంలో బహుశా ఇదొక్కటే.

ఈ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. దాని లోతు తెలియాలంటే 2013 నాటి ప్రేక్షకుడు వి8 గర్జనను ఎలా ఆస్వాదించేవాడో చూడాలి. ముందుగా జేబులోంచి నురుగు ఇయర్‌ప్లగ్ తీసేవాడు. దాన్ని వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, పుల్లను లోపలికి దూర్చి, అది మళ్లీ ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమిపట్టేవాడు. సగమే దూరిస్తే ప్యాకెట్ మీద రాసిన 30 డెసిబెల్ రక్షణలో సగం కూడా దక్కదు. రెండు చెవులూ ఇలా పకడ్బందీగా మూసుకున్నాక, "ఆహా, ఏం శబ్దం!" అనేవాడు. మరుసటి ఏడాది ఇయర్‌ప్లగ్ అవసరం తగ్గిపోయింది. చెవులు తెరుచుకుని విన్న వి6, చెవులు మూసుకుని విన్న వి8 కంటే కర్ణభేరి దగ్గరికి గట్టిగానే చేరుతుంది. అయినా ఫిర్యాదు చెవిదైతే కదా లెక్కలతో తీరేది!

చెవి సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క కట్టింది. అంటే 100 డెసిబెల్ దగ్గర పావుగంట. రేసు గంటన్నర. మిగతా గంటంపావు అభిమానం ఖాతాలో రాసుకోవాలి.

ఇక పోయిన సొత్తు ఏమిటో పంచనామా చేద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి పేలుతుంది. కాబట్టి నిమిషానికి తిరిగే చుట్లను 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణిస్తే మూల స్వరం తెలుస్తుంది. 19,000 చుట్లు తిరిగే వి10 స్వరం సుమారు 1,583 హెర్ట్జ్. 18,000 చుట్ల వి8 స్వరం 1,200. వి6కి నిబంధన 15,000 దాకా అనుమతించింది గానీ ఎవరూ అంత ఎత్తుకు పోలేదు. ఎందుకంటే ఇంధన ప్రవాహానికి గంటకు 100 కిలోల పరిమితి ఉండేది, ఆ పరిమితి 10,500 చుట్ల దగ్గరే నిండిపోయేది. అంతకంటే వేగంగా తిప్పితే అదనంగా పుట్టింది రాపిడే. అందుకే డ్రైవర్లు 12,000 దరిదాపుల్లో గేరు మార్చేశారు. 12,000 దగ్గర వి6 స్వరం 600 హెర్ట్జ్. 1,200లో సరిగ్గా సగం. సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే, తారస్థాయి షడ్జమం అందుకున్న గాయకుడు మరుసటి కచేరీలో మధ్యస్థాయి షడ్జమంతో సరిపెట్టాడు. శ్రుతి తప్పలేదు, స్వరమూ మారలేదు, ఒక్క స్థాయి దిగిందంతే. సభ మాత్రం లేచి నిలబడి తిట్టింది.

మిగిలిన మోత ఏమైందంటే, దాన్ని టర్బో తినేసింది. సిలిండర్ల నుంచి వచ్చే వేడి వాయువు బయటపడేముందు ఒక టర్బైన్‌ను తిప్పాలి. ఆ టర్బైన్ ఇరుసుకే ఎంజీయూ-హెచ్ అనే విద్యుత్ యంత్రాన్ని తగిలించారు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే కంప్రెసర్‌కు అక్కర్లేని శక్తినంతా అది కరెంటుగా మార్చేది. ఆ పైన గొట్టం ఒక్కటే. రెండు వరుసల సిలిండర్లూ అందులోంచే ఊదాలి. వి8 కార్లు ఒక రేసుకు సుమారు 150 కిలోల పెట్రోలు తాగేవి, వి6లకు 100 కిలోలే ఇచ్చారు, అయినా వేగం పెద్దగా పడిపోలేదు. 2017లో తమ ఇంజిన్ టెస్ట్ బెంచి మీద 50 శాతం ఉష్ణ సామర్థ్యం దాటిందని మెర్సిడెస్ ప్రకటించింది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ గ్యాలరీలో కూర్చున్నవాడు డబ్బిచ్చింది ఎగిరెగిరిపడే విస్తరిని చూడటానికి. అతన్నీ తప్పు పట్టలేం.

దీనికి యంత్రాంగం వెంటనే స్పందించింది. 2014 మే నెల బార్సిలోనా పరీక్షల్లో మెర్సిడెస్ కారు వెనక ఒక బాకా ప్రత్యక్షమైంది. గొట్టం చివర వెడల్పు చేస్తే శబ్దం గాలిలోకి తేలిగ్గా పాకుతుందన్నది ఆలోచన. శాస్త్రం ప్రకారం తప్పేమీ కాదు, సన్నాయి చేసేది అదే పని. అయితే సన్నాయి వెనక ఊదేవాడు ఉంటాడు. ఇక్కడ ఊదాల్సిన శక్తిని గొట్టం చేరకముందే టర్బైన్ పిండేసింది. ఊపిరి లేనివాడికి ఎంత పెద్ద బాకా ఇచ్చినా ఏం లాభం? తేడా పెద్దగా వినపడలేదు, కారు చూడటానికి వికారంగా తయారైంది. బాకాను నిశ్శబ్దంగానే తీసేశారు.

2016లో ఇంకో మందు వేశారు. వేస్ట్‌గేట్ అనే పక్క తలుపులోంచి వచ్చే వాయువును వేరే గొట్టాల్లోంచి వదలాలని నిబంధన పెట్టారు. టర్బైన్‌ను తప్పించుకుని వచ్చే వాయువు కాబట్టి దానికి గొంతు ఉంటుంది. కాకపోతే ఆ తలుపు తెరుచుకుంటేనే. రేసులో తలుపు తెరవడమంటే ఎంజీయూ-హెచ్ నోటి దగ్గర కూడు పారబోసినట్టు. రేసు ముందురోజు బారు వరుస తేల్చే క్వాలిఫైయింగ్ ల్యాప్‌లో మాత్రం బ్యాటరీ కరెంటుతో కంప్రెసర్‌ను తిప్పి వేస్ట్‌గేట్ బార్లా తెరిచేవారు. అలా శనివారం కాస్త గొంతు విప్పిన కారు ఆదివారం మళ్లీ మౌనవ్రతం పట్టేది.

ఈ అరకొర చికిత్సలతో విసిగిపోయిన అభిమాన లోకం తరఫున ఒక నిర్మాణాత్మక ప్రతిపాదన. 140 డెసిబెల్ ధ్వనిశక్తి అంటే కేవలం 100 వాట్లు. వందల కిలోవాట్ల ఇంజిన్ ముందు ఇది చిల్లర. కాబట్టి కారు వెనక ఒక హార్న్ స్పీకర్ బిగించి పాత వి10 రికార్డింగ్ వేయండి. మంచి హార్న్‌కు 25 శాతం సామర్థ్యం ఉందనుకుంటే 400 వాట్లు చాలు. స్పీకరూ యాంప్లిఫయరూ కలిపి 10 కిలోలు తూగితే ల్యాప్‌కు దాదాపు 0.3 సెకను నష్టం, 57 ల్యాప్‌ల రేసులో 17 సెకన్లు. అందరూ మోస్తారు కాబట్టి అన్యాయం లేదు. ఒక్కటే చిక్కు. రెండో రేసుకల్లా ఎవరో ఒక ఇంజనీరు ఆ స్పీకర్ గాలిని కారు వెనక అడుగున ఉండే డిఫ్యూజర్ కిందికి మళ్లించి, కారును నేలకు అదిమే డౌన్‌ఫోర్స్ తీస్తాడు. 2011లో ఎగ్జాస్ట్ గాలితో చేసింది ఇదే. డ్రైవర్ యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వాయువు ఊదుతూనే ఉండేది, మలుపుల్లో కారు గొంతులో కఫం అడ్డుపడినట్టు గరగరలాడేది. ఆ శబ్దాన్ని కూడా అప్పట్లో తిట్టారు. ఇప్పుడు దాని వీడియోలకు దండలు వేస్తున్నారు.

అసలు సూత్రం ఇక్కడే బయటపడుతుంది. ఏ ఇంజిన్ అయినా రద్దయ్యాకే శ్రావ్యమవుతుంది. 2006లో వి10 పోయి 2.4 లీటర్ల వి8 వచ్చినప్పుడు అది కీచుగొంతు పిల్ల ఇంజిన్. ఆ ఏడాది టోరో రోసో జట్టు ముక్కు బిగించిన, అంటే లోపలికి పోయే గాలి తగ్గించిన, వి10తోనే నడిచింది గనక అభిమానులకు ఏడవడానికి ఒక స్మారక చిహ్నమైనా మిగిలింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే వి8 దివ్యగానమైపోయింది. ఇంకా వెనక్కి పోతే, 1977లో రెనో 1.5 లీటర్ల టర్బోతో సిల్వర్‌స్టోన్‌కు వస్తే పసుపు టీ కెటిల్ అని పేరు పెట్టి నవ్వారు. అది పొగలు కక్కుతూ ఆగిపోయేది కాబట్టి పేరు అతికింది కూడా. రెండేళ్లకు ఆ కెటిలే డిజాన్‌లో రేసు గెలిచింది. 1961లో ఇంజిన్‌ను రెండున్నర లీటర్ల నుంచి ఒకటిన్నరకు తగ్గించినప్పుడు బ్రిటిష్ జట్లు ససేమిరా అన్నాయి. వాళ్లు నిరసనలో ఉండగా ఫెరారీ ఇంజిన్ తయారుచేసుకుని ఛాంపియన్‌షిప్ పట్టుకుపోయింది. సామెతను తిరగేసి చదవాలి: పాతొక వింత, కొత్తొక రోత.

మోటార్‌సైకిళ్లవాళ్లదీ ఇదే రోగం, 2002లో 990 సీసీ ఫోర్ స్ట్రోకులు వచ్చాక వాళ్లు శబ్దంతో పాటు టూ స్ట్రోక్ నూనె వాసన కోసం కూడా ఏడ్చారు. ముక్కు కూడా చేరింది కాబట్టి వాళ్ల దుఃఖం మనకంటే ఒక ఇంద్రియం ఎక్కువ.

అభిమానుల మాట ఎప్పుడూ తప్పని కాదు. 2014లో ఆఖరి రేసుకు రెట్టింపు పాయింట్లన్నప్పుడు ఛీ కొట్టారు, ఒక్క ఏడాదికే అది పోయింది. 2016లో ఒక్కొక్కరినీ తొలగించుకుంటూ పోయే క్వాలిఫైయింగ్ తెచ్చారు. మెల్‌బోర్న్‌లో గడియారంలో ఇంకా నిమిషాలు ఉండగానే ట్రాక్ ఖాళీ అయిపోయింది. రెండు రేసులకే ఎత్తేశారు. ఈ రెండు విజయాలే కొంప ముంచాయి. అప్పటినుంచీ ప్రతి మార్పునూ అదే కొలతతో కొట్టిపారేస్తున్నారు. 2018లో డ్రైవర్ తలకు రక్షణగా హేలో అనే చట్రం వచ్చినప్పుడు కారు మీద హవాయి చెప్పు పెట్టారని గోల చేశారు. 2020 బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుని మంటల్లో ఇరుక్కుంది. తల మీద ఆ చెప్పు ఉండబట్టి బతికి బయటికొచ్చాడు. ఆ మరునాటి నుంచి చెప్పు ఊసెత్తినవాడు లేడు.

నిబంధనలే అభిమానుల చేతికి ఇస్తే? ఆ ప్రయోగమూ జరిగింది. 2014లో మొదలైన విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఇ, ఏ డ్రైవర్‌కు కొన్ని సెకన్ల అదనపు శక్తి ఇవ్వాలో ఓటు వేయండంది. దాని పేరు ఫ్యాన్‌బూస్ట్. ఇంచుమించు ప్రతిసారీ అవే కొన్ని పేర్లు గెలిచాయి. ఓటు వేసినవాళ్లే ఇది అన్యాయమన్నారు. మూడో తరం కార్లు వచ్చేసరికి దాన్ని తీసేస్తే, మా హక్కు లాక్కున్నారన్నారు.

ఇళ్లలో కూర్చుని చూసేవాళ్ల ఆవేదన వేరే అధ్యాయం. ఇంజిన్ శబ్దం ట్రాక్ పక్కన మైకులోకి పోయి, ఆడియో కంప్రెసర్లలో నలిగి, అంగుళంన్నర టీవీ స్పీకర్‌లోంచి వస్తుంది. చేతిలో రిమోట్ ఉంది. అందులో శబ్దం పెంచే మీట ఉంది. రేసుల పాలక సంస్థ ఎఫ్ఐఏ నిబంధనావళిలో ఏ సవరణా లేకుండా ఈ సమస్యను ఒక్క బొటనవేలు పరిష్కరించగలదు. కానీ రాత్రిపూట పక్కగదిలోవాళ్లు లేస్తారని ఆ వేలు వెనకాడుతుంది.

2026 నిబంధనలు అభిమానుల మొర విన్నట్టే ఉన్నాయి. ఎంజీయూ-హెచ్‌ను పీకేశారు, టర్బైన్ పిండుడు తగ్గి ఎగ్జాస్ట్‌లో కాస్త గొంతు మిగిలింది. దానికి బదులు చక్రాలకు తోడ్పడే విద్యుత్ మోటారు ఎంజీయూ-కె శక్తిని 120 నుంచి 350 కిలోవాట్లకు పెంచారు. బ్యాటరీలో ఒకసారికి వాడుకోగలిగింది 4 మెగాజూళ్లు. 350 కిలోవాట్లతో భాగిస్తే దాదాపు పదకొండున్నర సెకన్లు. ఆ తర్వాత బుడ్డి ఖాళీ. పైగా 290 కిలోమీటర్ల వేగం దాటాక ఆ మోటారు సాయం నిబంధన ప్రకారమే తగ్గుతూ పోతుంది. కాబట్టి పొడవాటి రోడ్డు చివర డ్రైవర్ కాలు అదిమే ఉన్నా కారు నీరసిస్తుంది, మలుపులో బ్యాటరీ నింపడానికి ఇంజిన్ అనవసరంగా అరుస్తుంది. పన్నెండేళ్లుగా శబ్దం కావాలన్నవాళ్లకు శబ్దం వచ్చింది, అక్కర్లేని చోట. ముందు కారును దాటడానికి వెనక రెక్కను తెరిచే ఏర్పాటు డీఆర్‌ఎస్, 2011లో కృత్రిమమని తిట్టినది, అది కూడా ఇదే దెబ్బకు పోయింది. దాని సంతాప సభకు వక్తలు ఇప్పటికే దొరుకుతున్నారు. 2025లో ఎఫ్ఐఏ అధ్యక్షుడు మహమ్మద్ బెన్ సులాయెమ్ సుస్థిర ఇంధనంతో వి10ను మళ్లీ తెద్దామా అన్నాడు. అది నిజంగా వస్తే, 2005 నాటి వి10లా లేదని చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. సాధన ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

సాధనకు పాఠం కావాలంటే బ్రిటిష్ రేసు కారు బీఆర్‌ఎం వి16 ఉంది. 1.5 లీటర్లు, 16 సిలిండర్లు, సూపర్‌చార్జర్. 12,000 చుట్ల దగ్గర దాని మూల స్వరం 1,600 హెర్ట్జ్, అంటే 19,000 చుట్ల వి10కు దాదాపు కవల గొంతు, అదీ అర్ధశతాబ్దం ముందే. రేసు చరిత్రలో అంతటి నాదం లేదని వినికిడి ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటారు. 1950 ఆగస్టులో సిల్వర్‌స్టోన్‌లో దాని తొలి రేసు. జెండా ఊపారు. రేమండ్ సోమర్ క్లచ్ వదిలాడు. ఇంజిన్ ఆకాశం చిల్లుపడేలా అరిచింది, చక్రాలకు శక్తి చేర్చే భాగం విరిగింది, కారు గీత దాటి పోలేదు. గ్యాలరీ జనం దాని మీదికి పెన్నీ నాణేలు విసిరారు. ఇప్పుడు అదే కారును ప్రదర్శనల్లో స్టార్ట్ చేస్తే జనం కళ్లు మూసుకుని, చెవుల్లో ఇయర్‌ప్లగ్ పెట్టుకుని వింటారు. కదలకపోయినా ఎవరికీ పట్టదు.