సవరణ: చలికాలపు పొగ గురించి

చలికాలంలో గాలి పాడయ్యేది పొగ ఎక్కువ వదలడం వల్లే అని, తెల్లవారుజామున నడక మంచిదని మొన్నటి పోస్టులో రాశాను. రెండూ సరికాదు. అంతే పొగ వదిలినా చలి రాత్రుల్లో గాలి మరింత పాడవుతుంది.

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు. పగలు నేల దగ్గర వేడెక్కిన గాలి పొగను మోసుకుని పైకి పోతుంది. మబ్బూ గాలీ రెండూ లేని రాత్రి నేల త్వరగా చల్లారిపోయి చల్లగాలి కింద, వెచ్చని గాలి పైన చేరతాయి. కుండకు మూత పెట్టినట్టే. అలాంటి తెల్లవారుజామున పొట్టి పొగగొట్టాన్ని చూడండి: పొగ కాస్త లేచి, ఆగి, చాపలా అడ్డంగా పరుచుకుంటుంది. ఎండెక్కాక చెదిరిపోతుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మేసి వేలమందిని బలిగొన్న పొగమంచు వెనకా ఇదే ఉంది. బొగ్గు పొగ అక్కడ ఎప్పుడూ ఉన్నదే, దాని మీద మూత పడింది.

వాన గాలిని కడిగేస్తుందన్న మాట కూడా సగమే నిజం. పెద్ద ధూళి పోతుంది కానీ, అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేలో వంతు) సైజు కణాలు చాలావరకు చినుకుకు చిక్కకుండా పక్కకు జారిపోతాయి.

ఉబ్బసం ఉన్నవాళ్లు నా మాట విని చీకటితోనే నడకకు వెళ్తుంటే, దయచేసి ఎండ వచ్చాకే బయలుదేరండి.