ఆ వర్క్‌షాప్‌కి డబ్బులు కట్టొద్దు

పొద్దున్నే మా జూనియర్ ఒకమ్మాయి వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపింది. 'రెండు రోజుల్లో ఆత్మవిశ్వాసం నిండిన థెరపిస్ట్ అవ్వండి' అని పసుపు అక్షరాలు, కోటు వేసుకుని చేతులు కట్టుకున్న ఒకాయన ఫొటో, కింద ఫీజు 4,999 రూపాయలు. 'అక్కా, కట్టేయనా? నాకిది చాలా అవసరం అనిపిస్తోంది' అని అడిగింది. అప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది. ఈ కోపం ఆ అమ్మాయి మీద కాదు. ఆ మాట అనుకునేదాకా ఆమెని తెచ్చినవాళ్ల మీద.

ఆమె ఈమధ్యే క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. పూర్తి చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ప్రాక్టీసుకి కావలసిన ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ చేతిలో ఉంది. రెండేళ్లు వార్డుల్లో తిరిగి కేస్ హిస్టరీలు రాసింది, సిరా మరకలు చూపించి చేసే రోర్షాక్ పరీక్షలు, తెలివితేటలు కొలిచే బినే-కామత్ పరీక్షలు చేసింది, రాత్రుళ్లు కూర్చుని రిపోర్టులు టైప్ చేసింది. అంత చదివిన పిల్ల ఇప్పుడు నాకేమీ రాదంటోంది. కారణం, ఒక క్లయింట్ రెండో సెషన్‌కి రాలేదు. మొదటి రోజు తను ఏం మాట్లాడిందో, ఎక్కడ తొందరపడిందో తలుచుకుంటూ తెల్లవార్లూ మేలుకునే ఉందట.

2012లో స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 669 అధ్యయనాలు కలిపి చూశారు. దాదాపు అయిదుగురిలో ఒకరు థెరపీ మధ్యలోనే మానేస్తారని తేలింది. ఆ మానేసినవాళ్లలో తలపండిన థెరపిస్టుల క్లయింట్లు కూడా ఉన్నారు. ఇంట్లో వద్దన్నారని రానివాళ్లుంటారు. ఫీజుకి డబ్బు సర్దుబాటు కాక ఆగిపోయేవాళ్లుంటారు. మొదటి రోజే కడుపునిండా ఏడ్చి, కాస్త తేలికపడి, ఇక చాలు అనుకునేవాళ్లూ ఉంటారు. అయిదు నిమిషాలు పక్కన కూర్చుని ఈ ముక్క చెప్పే సీనియర్ ఒక్కరు కూడా ఆ ఆసుపత్రిలో లేరు.

ఆమె ఉద్యోగం ఎలా ఉందో చూడండి. ఓపీ చీటీ మీద డాక్టర్ గారు 'కౌన్సెలింగ్' అని ఒక్క మాట రాసి పంపుతారు. పేషెంట్‌కి ఏమైందో, ఎందుకు పంపారో అందులో ఉండదు. గది బిల్లింగ్ కౌంటర్ పక్కనే, తలుపు గడియ పడదు. ఎదుటి మనిషి అప్పుడప్పుడే నోరు తెరుస్తుంటే అటెండర్ ఫైలు కోసం తోసుకొస్తాడు. ఆ మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుని మాట మార్చేస్తుంది. సాయంత్రానికి మేనేజ్‌మెంట్ అడిగేది మాత్రం ఈరోజు ఎన్ని సెషన్లయ్యాయనే. పైగా పేషెంట్‌తో వచ్చిన పెద్దల ప్రశ్నలు. 'నీకు పెళ్లయిందామ్మా? పిల్లలున్నారా? మరి కాపురాల సంగతి నీకేం తెలుస్తుంది?' పాతికేళ్ల ఆడపిల్లని ఈ ప్రశ్న అడిగేది ఏదో తెలుసుకుందామని కాదు, ఆమెని కుర్చీలోంచి దింపడానికి. ఆమె వయసు మగ సైకాలజిస్టుని 'డాక్టర్ గారూ' అని పిలవడం నేను నా చెవులతో విన్నాను, అతను డాక్టర్ కాకపోయినా.

అసలు ఈ భయానికి విత్తనం పడేది ఉద్యోగంలో కాదు, ట్రైనింగ్‌లో. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను ట్రైనీగా ఉన్నప్పుడు, అందరం కూర్చుని ఒక పేషెంట్ కేసు చర్చించే కేస్ కాన్ఫరెన్స్‌లో మా సూపర్‌వైజర్ నా ఫైలు తీసుకుని, నేను పేషెంట్‌తో మాట్లాడిన మాటలు అందరి ముందూ గొంతు మార్చి చదివారు. ఎర్ర పెన్నుతో పేజీకి అడ్డంగా గీత కొట్టారు. 'నువ్వు స్కూల్లో టీచర్‌గా చేరుంటే బాగుండేది' అన్నారు. ఏం అడగాల్సిందో, ఎలా అడగాల్సిందో ఆరోజు గానీ తర్వాత గానీ చెప్పలేదు. వెనక వరసలో జూనియర్లు నవ్వారు, నవ్వకపోతే తర్వాతి వంతు తమదే అని. ఆ గొంతు కొన్నేళ్లపాటు ప్రతి సెషన్‌లోనూ నా చెవిలో మోగింది. మనసుల గురించి పాఠం చెప్పే మనిషికి ఎదురుగా నిలబడ్డ పిల్ల మనసు కనబడకపోవడం నేను క్షమించలేను.

క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు మహిళా సైకాలజిస్టులు 1978లోనే ఈ సంగతి రాశారు. బాగా చదివి, బాగా పనిచేస్తూ కూడా 'నాకేమీ రాదు, ఎప్పుడో దొరికిపోతాను' అని లోపల వణికే ఆడవాళ్ల గురించి. దానికి వాళ్లు గట్టిగా సూచించిన వాటిలో ఒకటి గ్రూప్ థెరపీ. పక్కమనిషి నోట అదే భయం వింటే మన భయం బిగువు సడలుతుంది కాబట్టి. బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ అక్రెడిటేషన్ ఉన్న కౌన్సెలర్ ఎంత సీనియరైనా నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్, అంటే తన కేసులు మరొకరి ముందు పెట్టి మాట్లాడుకోవడం, తీసుకోవాల్సిందే. మన దగ్గర రిజిస్ట్రేషన్ వచ్చాక, దాన్ని నిలుపుకోవడానికి కావలసిన సీఆర్‌ఈ పాయింట్ల కోసం వెబినార్లు చూస్తాం, వారానికి ఒక గంట మన కేసులు వినే మనిషి మాత్రం ఉండరు. ఇంట్లో చెప్పుకోలేం. పేషెంట్ సంగతి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది, అది న్యాయమే. మరి ఆ బరువు ఎక్కడ దింపుకోవాలి? ఆ ఖాళీలోకే ఈ పోస్టర్లు దూరుతున్నాయి.

వీకెండ్ కోర్సు చేసి మైండ్ కోచ్ అని బోర్డు పెట్టినవాళ్లకి ఏ సందేహమూ ఉండదు. డిప్రెషన్‌తో వచ్చిన మనిషికి మందులు మానేయమని కూడా ధైర్యంగా చెప్పేస్తారు. ఆ ధైర్యం నా జూనియర్‌కి రావాలని నేను కోరుకోను. పేషెంట్ గురించి రాత్రంతా ఆలోచించే పిల్లకి కావలసింది, ఆ ఆలోచనని పొద్దున్నే ఎవరి ముందైనా పెట్టి 'ఇక్కడ నేనేం చేసుండాల్సింది?' అని అడిగే వీలు. నాకు అలాంటి వీలు దొరికింది తర్వాత ఒక మేడమ్ దగ్గర. నా నోట్సు చదివి ఆవిడ మొదట అడిగింది 'ఆ పేషెంట్ మౌనంగా ఉన్నప్పుడు నీకేమనిపించింది?' అని. ఆ ప్రశ్నతోనే నాకు పని నేర్చుకోవడం మొదలైంది.

ఆసుపత్రుల మేనేజ్‌మెంట్లకి చెబుతున్నా, జీతమిచ్చి పెట్టుకున్న పిల్లలకి వారానికి ఒక గంట సూపర్‌విజన్ ఇప్పించండి, గదికి గడియ పెట్టించండి. సీనియర్లకి చెబుతున్నా, ఫోన్ ఎత్తండి.

నేనూ, నా బ్యాచ్‌మేట్లు ఇద్దరూ ఈ ఆదివారం సాయంత్రం ఆరింటి నుంచి జూమ్‌లో కూర్చుంటున్నాం. పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఒక్కొక్కరు ఒక కేసు చెప్పొచ్చు. ఆరుగురికి మించి తీసుకోం, అందరి మాటా వినాలి కాబట్టి. కొత్తగా చేరినవాళ్లకి ముందు చోటు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. రావాలనుకున్నవాళ్లు ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టండి, లింక్ పంపిస్తాను.