మూడూ నాలుగూ కలిపితే...

అపార్ట్‌మెంటు సైటులో ఫిర్యాదుల ఫారం ఒకటి ఉంది. లిఫ్టు ఆగిందని, మంజీరా నీళ్లు రాలేదని రాసుకోవడానికి పెట్టింది. వచ్చేవి మాత్రం ఆన్‌లైన్ జూదం ప్రకటనలు, అవీ రష్యన్‌లో. సరేనని రీక్యాప్చా, అంటే వచ్చింది మనిషో యంత్రమో తేల్చే గూగుల్ పరీక్ష, తగిలించారు. "నేను రోబోను కాను" గడిలో పెట్టిన టిక్కుకు 2 నిమిషాలే గడువు. ప్రెసిడెంటుగారేమో ముందు టిక్కు పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, అప్పుడు బోరు మోటారు చరిత్ర మొదలుపెడతారు. ఆయన రెండో పేరాకి వచ్చేసరికి టిక్కు కాలం చేసేది. ఆఖర్న పెట్టండి సార్ అంటే, "మనిషినని ముందే చెప్పుకోవడం మర్యాద" అంటారు. దానికి తోడు అమెరికా వీధుల ఫైర్ హైడ్రెంట్లు (మంటలార్పే నీటి కొళాయిలు) ఉన్న బొమ్మలు ఏరమనేది. మూడో అంతస్తు మామ్మగారు వాటిని పాలక్యాన్లనుకుని వదిలేశారు.

తీసేయమన్నారు, తీసేశారు. ఆ చోట అచ్చ తెలుగు ప్రశ్న వెలిసింది. "మూడూ నాలుగూ కలిపితే ఎంత? తెలుగులో రాయండి." ఈ ఘనకార్యం ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. శనివారం రాత్రి పదకొండున్నరకి, ఒక్కసారైనా నొక్కి చూడకుండా ఎక్కించారన్నంత వరకే ఒప్పుకోలు.

ఆదివారం సర్వసభ్య సమావేశం. సెల్లారులో ప్రొజెక్టరు, ఎదురుగా అరవై కుర్చీలు. ప్రెసిడెంటుగారు రిటైరైన లెక్కల మాస్టారు. అందరికీ చూపిద్దామని "ఏడు" అని కొట్టారు.

"తప్పు. మనిషైతే మళ్లీ ప్రయత్నించండి" అంది తెర. (ఆ వాక్యం రాసినప్పుడు, అంటే రాత్రి పదకొండున్నరకి, మహా చమత్కారంగా అనిపించింది.)

మాస్టారు 7 వేశారు. తప్పు. తెలుగులో అన్నారు కదా అని ఎక్కడినుంచో వెతికి తెలుగు అంకె ౭ వేశారు. అదీ తప్పే. ౭ సంగతి కాస్త చెప్పుకోవాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి అప్పగిస్తే దాన్ని బుద్ధిగా ఏడుగానే లెక్కిస్తుంది. జావాస్క్రిప్ట్ అనే మరో భాష మాత్రం ఇది అంకే కాదు పొమ్మంటుంది. ఇక్కడున్నది జావాస్క్రిప్ట్. మళ్లీ "ఏడు". మళ్లీ తప్పు. "నలభై ఏళ్లు లెక్కలు చెప్పానయ్యా! ఏడు! ఏడు!" అని మైకులో అరిచారు. ముందు వరసలో తల్లి ఒళ్లో ఉన్న పిల్లాడు ఆ ఆజ్ఞ తనకే అనుకుని అందుకున్నాడు.

ఇంతకీ తప్పెక్కడ? కోడులో దాచిన సరైన జవాబులోనే ఉంది. ఏ, డ, ఉకారం, వెరసి "ఏడు"కి మూడు కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడు పట్టికలో అక్షరాలకిచ్చిన నంబర్లు. అక్కడ నాలుగున్నాయి. ఎక్కడినుంచో కాపీ కొట్టి అతికించినప్పుడు చివర ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటుకొచ్చింది. 'రాజ్‌కుమార్' లాంటి మాటల్లో పొల్లును విడిగా నిలబెట్టే పాత్ర అది. కంటికి కనబడదు, వెడల్పుండదు. అటూ ఇటూ ఖాళీలు కత్తిరించే ట్రిమ్ కూడా దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే లెక్క ప్రకారం అది ఖాళీ కాదు. అంటే మూడు కోడ్‌పాయింట్లతో వచ్చిన ఏ మనిషీ ఆ గుమ్మం దాటలేడు.

బాట్లు (మనిషి లేకుండా తమంతట తామే ఫారాలు పంపే ప్రోగ్రాములు) దాటాయి. అవి తెలుగు నేర్చుకునేమీ కాదు. జవాబు సరిచూసే పని బ్రౌజరుకి అప్పగించి, ఫారాలు అందుకునే సర్వరుని గాలికొదిలేశారు. బాటు పేజీ తెరిచి ప్రశ్న చదువుతూ కూర్చోదు, నేరుగా సర్వరుకి సరుకు పంపేస్తుంది. ట్రెజరరు అప్పుడే, ఆ నిమిషానే, ఇన్‌బాక్స్ తెరవాలా? తెరిచాడు. ప్రొజెక్టరు మీద నలభై మూడు జూదం ప్రకటనలు. క్యాప్చా అని పేరుపెట్టినవాళ్లు మనిషిని వదిలి యంత్రాన్ని ఆపుదామనుకున్నారు. మన సెల్లారులో అది తిరగబడి అమలైంది.

మధ్యాహ్నానికి సరిచేశారు. పరీక్ష సర్వరులోకి మారింది. కనబడని అక్షరాలు ఏరేసి, యూనికోడు రూపం ఒకటిచేసి (ముప్పై, ఇరవైల్లోని ఐత్వాన్ని ఒక కోడ్‌పాయింటుగానూ, రెండుగానూ రాయొచ్చు, అదో గుంట), 7, ౭, ఏడు మూడూ ఒప్పుకునేలా చేశారు. బాట్ల కోసం కనబడని గడి ఒకటి ఎరగా పెట్టి, అది నిండితే ఫారం చెత్తబుట్టకే అన్నారు. దానికి 'ఫోన్' అని పేరు పెట్టకూడదు, బ్రౌజరు ఆటోఫిల్ తనంతట తనే నింపేసి మనిషిని పట్టిస్తుంది. ఇది మాత్రం ముందే తెలుసు. తెలిసినవి అడిగేవాళ్లుండరు.

మినిట్స్ పుస్తకంలో సెక్రటరీ ఇలా రాశాడు: "3వ అంశం. అధ్యక్షులవారు మనిషేనని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. లిఫ్టు విషయం వచ్చే నెలకు వాయిదా."