న్యాయ గ్రంథపాలకుణ్ణి చెడగొట్టవద్దు

న్యాయ గ్రంథాలయాల్లో పనిచేస్తున్నవారికి, ఆ పనిలోకి రావాలనుకుంటున్న యువతకు అనుభవజ్ఞుల చేత మార్గదర్శనం ఇప్పించాలనీ, వారి చదువుకు ఉపకార వేతనాలు, సదస్సులకు దారి ఖర్చులు సమకూర్చాలనీ ఈ మధ్య కొందరు అంటున్నట్లు మా చెవిన పడింది. మొదట హాస్యమనుకున్నాము. విచారిస్తే నిజంగానే అంటున్నారని తేలింది. ఇంతటి ప్రమాదం ముంచుకొస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం పెద్దమనిషి తరహా కాదు గనుక, ఈ ప్రతిపాదనను అన్ని కోణాల నుంచి పరిశీలించి, అన్ని కోణాల నుంచీ ఖండించాలని నిశ్చయించాము.

కోర్టు ఆవరణలో గురువు లేని ప్రాణి కనిపించదు. కొత్తగా నల్లకోటు తొడిగిన కుర్రవాడికి సీనియరు ఉంటారు. కేసు కట్టలు మోయడం మొదలుకొని, వాయిదా ఏ గొంతుతో అడగాలో, న్యాయమూర్తి ముఖం చూసి ఎప్పుడు కూర్చోవాలో దాకా అన్నీ ఆయన దగ్గరే అబ్బుతాయి. వకీలు గుమాస్తాకు పెద్ద గుమాస్తా ఉంటాడు. నకలు ఏ సెక్షనులో ఎవరిని పలకరిస్తే తొందరగా చేతికి వస్తుందన్న జ్ఞానం తరతరాలుగా అలాగే దిగివస్తోంది. న్యాయమూర్తులకు సైతం జ్యుడీషియల్ అకాడమీలు ఉన్నాయి. వీరందరి మధ్య గ్రంథపాలకుడు ఒక్కడే స్వయంభువు. ఎవరూ ఏమీ నేర్పలేదు, అయినా వెలిశాడు. ఇంతటి మహిమను చేజేతులా పాడుచేసుకోవాలా?

ఆయన ఎలా వెలుస్తాడో కొంచెం వివరిస్తాము. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా ఇచ్చే చోట, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణ నేర్పుతారు; అందులో న్యాయశాస్త్రం 340 దగ్గర ఉంటుందని చెప్పి ముందుకు సాగిపోతారు. రివ్యూకూ రివిజన్‌కూ తేడా ఏమిటంటే అది వారి సిలబస్ కాదు. ఎల్‌ఎల్‌బీ చెప్పే చోట ఆ తేడా మీద ఒక పూట పాఠం చెబుతారు. ఆ పాఠానికి ఆధారమైన తీర్పును ఏ సంపుటంలో ఎలా వెతికి పట్టుకోవాలో వారి సిలబస్ కాదు. ఈ రెండు సిలబస్‌ల నడుమ ఉన్న గోతిలో మన గ్రంథపాలకుడు పడతాడు. పడ్డ చోటనే ఒక బల్ల, ఒక కుర్చీ, తలుపు సరిగా పడని రెండు బీరువాలు చూపించి, ఇదే నీ ఉద్యోగమంటారు. కొన్ని బార్ అసోసియేషన్లలో వకాలత్‌నామా ఫారాలు, సంక్షేమనిధి స్టాంపులు అమ్మడం, సంతాప సభ ఉన్న రోజు కుర్చీలు వేయించడం కూడా ఆయనకే అప్పగిస్తారు. బహుముఖ వికాసానికి ఇంతకు మించిన శిక్షణ ఏ దేశంలో ఉంది?

ఇక పని విషయానికొస్తే, అది చాలా తేలిక. పదకొండు కావస్తుండగా ఒక పెద్ద వకీలుగారు మెడలో బ్యాండు సవరించుకుంటూ గుమ్మంలోనే నిలబడి, "ఏమయ్యా, ఎనభై ఏడులోనో తొంభై ఒకటిలోనో వచ్చింది చూడూ, గట్టు తగాదా కేసు! ఏఎల్‌టీనో ఏఎల్‌డీనో. ఎడమ పేజీలో కింద ఉంటుంది. తొందరగా తియ్యి, మన కేసు పిలిచేస్తారు" అంటారు. ఆ రెండూ తీర్పులు అచ్చువేసే పత్రికలు. పార్టీల పేర్లు గుర్తున్నాయా అని అడిగితే ఆయనకు కోపం వస్తుంది. "జూనియర్‌గారి చేత పాస్‌ఓవర్ అడిగించండి సార్" అని, అంటే కేసును కాసేపాగి పిలవమని కోరించండని, వినయంగా చెప్పి, గ్రంథపాలకుడు విషయసూచిక తెరుస్తాడు. అందులో గట్టు అనే మాట ఉండదని ఆయనకు తెలుసు. ఈజ్‌మెంట్స్, అంటే ఒకరి నేల మీద మరొకరికుండే దారి, నీటి వంటి హక్కుల కింద చూస్తాడు. శాశ్వత ఇంజంక్షన్ కింద చూస్తాడు. అక్కడా లేకపోతే అడ్వకేట్ కమిషనర్ నియామకం కింద చూస్తాడు, ఎందుకంటే గట్టు తగాదాగా మొదలైన వ్యాజ్యాలు కమిషనరు వెళ్ళి కొలతలు వేయించాలా వద్దా అన్న దగ్గర చిక్కుకుని హైకోర్టు మెట్లెక్కుతుంటాయని ఆయనకు ఎలాగో తెలిసింది. తీర్పు దొరుకుతుంది, కుడి పేజీలో పైన. వకీలుగారు సంపుటాన్ని చంకన పెట్టుకుని వెళ్ళి, గెలిచి, సాయంత్రం తన జ్ఞాపకశక్తి గురించి జూనియర్లకు ఉపన్యసిస్తారు.

ఆ 'ఎలాగో తెలియడానికి' పదిహేనేళ్ళు పట్టిందనీ, ముందే తెలిసిన ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని చెబితే పదిహేను రోజులు చాలుననీ మార్గదర్శనవాదులు వాదిస్తారు. నిజమే కావచ్చు. కానీ అలా మిగిలిపోయే పద్నాలుగు సంవత్సరాల పదకొండున్నర నెలలను గ్రంథపాలకుడు ఏం చేసుకుంటాడన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

సాయం చేస్తే ఏమవుతుందో చరిత్రే చెబుతోంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పుకుంటున్న ఎస్.ఆర్. రంగనాథన్ అనే ఉపాధ్యాయుడు 1924లో విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా కుదిరి, అక్కడి ఒంటరితనం భరించలేక కొద్ది రోజులకే తన పాఠాలకు తాను వెళ్ళిపోతానని మొరపెట్టుకున్నాడు. అక్కడితో పంపించి ఉంటే పీడ విరగడయ్యేది. పెద్దలు అలా చేయక ముందు లండన్ వెళ్ళి చదివి రమ్మన్నారు. అక్కడ బెర్విక్ సేయర్స్ అనే గురువు తగులుకుని, తరగతిలో చెప్పింది చాలక ఊరూరా గ్రంథాలయాలు చూసి రమ్మని పురమాయించాడు. పర్యవసానం తెలిసిందే. ఒక దుకాణంలో పిల్లల మెకానో బొమ్మ చూసి, ఆ ముక్కలు కలిసినట్టే పుస్తకాల సంఖ్యలనూ కలపవచ్చునని ఊహించి ద్విబిందు వర్గీకరణ కనిపెట్టాడు. 1931లో ఐదు సూత్రాలు రాశాడు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్న ప్రమాదకర భావన వాటిలో నాలుగోది. అంతటితో ఆగక, తాను కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికిచ్చి, గ్రంథాలయ శాస్త్రం బోధించేందుకు భార్య శారద పేరు కలిపి ఆచార్య పీఠం పెట్టించాడు. సాయం పొందినవాడు మరొకరికి సాయం చేయడం మొదలుపెడితే ఈ అంటు ఎక్కడ ఆగుతుంది?

ఎక్కడా ఆగదనడానికి అమెరికా సాక్ష్యం. అక్కడి న్యాయ గ్రంథపాలకులు 1906లోనే సంఘం కట్టారు. న్యాయపట్టా ఉన్నవారు గ్రంథాలయ శాస్త్రం చదవడానికి కొంత, గ్రంథాలయ శాస్త్రం చదివినవారు న్యాయశాస్త్రం చదవడానికి కొంత అంటూ, మనం ఎంతో ముచ్చటపడి కాపాడుకుంటున్న ఆ గోతిని రెండు వైపుల నుంచీ పూడ్చేస్తున్నారు. అల్పసంఖ్యాక వర్గాల నుంచి వచ్చేవారికి జార్జ్ ఎ. స్ట్రెయిట్ పేరిట ప్రత్యేకంగా ఉపకార వేతనం పెట్టారు. వార్షిక సదస్సుకు రాలేనివారికి దారి ఖర్చులిచ్చి మరీ రప్పిస్తారు. వచ్చిన కొత్తవారిని పాతవారికి పరిచయం చేయడానికి వేరే కార్యక్రమం. బ్రిటన్, ఐర్లండ్ వారు కలిసి 1969లో ఇదే దారి పట్టారు. ఇన్ని చేస్తే జరిగిందేమిటి? అక్కడి న్యాయ కళాశాలల్లో గ్రంథాలయ సంచాలకుడు చాలాచోట్ల రెండు పట్టాలూ పుచ్చుకుని, విద్యార్థులకు పరిశోధన పద్ధతులు బోధిస్తూ, ఆచార్యుల సమావేశంలో ఆచార్యుడిగానే కూర్చుంటున్నాడు. ఇక ఆ సమావేశానికి టీలు ఎవరు చెప్పాలి?

డబ్బు సంగతి. న్యాయవృత్తిలో కొత్తవారికి చేయూత అవసరమన్న సూత్రాన్ని మేము కాదనడం లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పేరిట కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల చొప్పున మొదటి మూడేళ్ళు ఇస్తామని పథకం పెడితే సంతోషించినవారిలో మేమూ ఉన్నాము. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు సీనియర్లు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇస్తే బాగుంటుందని సూచించినప్పుడు, సూచన మాత్రమే గనుక, సీనియర్లు కూడా సంతోషించారు. న్యాయవాదికి అలా ఎవరో ఒక నేస్తం ఉంటాడు. గ్రంథపాలకుడికీ లేకపోలేదు, అది 1950ల నాటి ఏఐఆర్ తీర్పుల సంపుటాల అట్టల వెనుక కాపురముంటోంది, దానికి ఆరు కాళ్ళు.

నిజానికి పుస్తకాల మీద మన ఔదార్యం చట్టంలోనే ఉంది. బార్ కౌన్సిల్ వారి 2008 న్యాయవిద్య నియమావళి ప్రకారం న్యాయ కళాశాల మూడేళ్ళదో ఐదేళ్ళదో ఒక కోర్సు స్రవంతి నడిపితే గ్రంథాలయం మీద ఏడాదికి కనీసం 50,000 రూపాయలు, రెండు స్రవంతులు నడిపితే లక్ష పెట్టాలి. నమోదైన ఒక్కో విద్యార్థికి పది పుస్తకాల చొప్పున ఉండాలి; ఎస్‌సీసీ, క్రిమినల్ లా జర్నల్ వగైరా తీర్పుల పత్రికల పాత సంపుటాలు పదేళ్ళవి ఉండాలి. ఆ సొమ్ము అంకెకున్న మంచి గుణం ఏమిటంటే, కనీసమని రాసిన చోట గరిష్ఠమని చదువుకోవడానికి వీలుంటుంది. తనిఖీ బృందం వచ్చే రోజున అల్మారాలు తళతళలాడతాయి. వాటిలో ఏముందో చెప్పగల మనిషి తయారీకి ఎంత పెట్టాలన్న ప్రస్తావన మాత్రం ఆ లెక్కలో లేదు. పుస్తకానికి ధర ఉంటుంది, రసీదు ఉంటుంది, ఆడిట్‌లో చూపించవచ్చు. మనిషి బుర్రకు గ్రంథాలయ చిట్టాలోని అక్సెషన్ నంబరు ఎలా వేస్తారు?

ఇక్కడ పిట్టకథ లాంటి నిజకథ ఒకటి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఒక విమానయాన సంస్థ మీద దావా నడిపిన న్యాయవాదులు చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను ఉన్నట్టే చూపించి, 5,000 డాలర్ల జరిమానా కట్టారు. అప్పటి మారకపు రేటున అది నాలుగు లక్షల రూపాయల పైమాట. అంటే ఒక్క స్రవంతి నడిపే మన కళాశాల ఎనిమిదేళ్ళపాటు గ్రంథాలయం మీద పెట్టవలసిన కనీస సొమ్ము వారికి ఒక్క పిటిషనుతో ఖర్చయింది. మనకూ ఆ ముచ్చట తీరకపోలేదు: బెంగళూరులో ఆదాయపు పన్ను అప్పిలేటు ట్రిబ్యునల్ 2024 డిసెంబరు చివర ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఎక్కడా లేని తీర్పులు కనిపించడంతో కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. శిక్షణ పొందిన గ్రంథపాలకుడికి ఆ తీర్పుల జాబితా చూపించి ఉంటే, సంపుటం తీసి, ఆ పేజీలో వేరే కేసు ఉందని నిమిషాల్లో చెప్పేవాడని మార్గదర్శనవాదులు అంటారు. చెబుతాడు సరే, విన్న వకీలుగారి మనసు ఎంత నొచ్చుకుంటుంది! సీనియర్ గ్రంథపాలకులు కొత్తవారికి నేర్పదలచిన విద్యల్లో ఇదీ ఒకటట: "మీరిచ్చిన తీర్పు లేదు" అనే మాటను "మా దగ్గరున్న సంపుటంలో కనిపించడం లేదు సార్, ఇంకోసారి సైటేషన్ చూసి చెబుతారా" అనే రూపంలో అందించడం. ఈ ఒక్క వాక్యం వెనుక ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉంటుందని ఒప్పుకుంటాము. ఆ ముప్ఫై ఏళ్ళూ పదవీ విరమణ రోజున శాలువాలో చుట్టి ఇంటికి పంపించేసే మన సంప్రదాయమే మాకు ఎక్కువ గౌరవప్రదంగా తోస్తుంది.

ఉన్న తీర్పుల విషయంలో కూడా ఇదే గొడవ. ఎమర్జెన్సీలో నిర్బంధితులకు కోర్టు తలుపు మూసిన 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పును 2017లో, గోప్యత హక్కు మీద నడిచిన పుట్టస్వామి కేసులో, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. కానీ అల్మారాలో ఉన్న 1976 సంపుటానికి తాను చనిపోయినట్టు ఎవరూ కబురు పెట్టలేదు, అది అదే గాంభీర్యంతో నిలబడి ఉంది. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత రాగా, హత్యకు 302 బదులు 103 వచ్చింది, మోసం 420ని వదిలి 318లో చేరింది. పాత నేరాలకు పాత చట్టం, కొత్త నేరాలకు కొత్తది గనుక రెండు వరసలూ పక్కపక్కనే ఉంచాలి. ఏది బతికుందో, ఏది పోయిందో, ఏది సగం ప్రాణంతో ఉందో చెప్పగలిగేవాడే న్యాయ గ్రంథపాలకుడు, తక్కినవాడు కాపలాదారు అని మార్గదర్శనవాదుల వాదన. కాపలాదారుకైతే జీతం తక్కువ సరిపోతుందన్న సంగతి వారు గమనించినట్టు లేదు.

అయినా మేము మొండివారము కాము. ప్రయోగాత్మకంగా ఒక్క గ్రంథపాలకుణ్ణి, ఒక్క అనుభవజ్ఞుడి దగ్గరకు, ఒక్క వారం పంపడానికి మా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. దరఖాస్తును నాలుగు ప్రతుల్లో సమర్పించాలి; దాని మీద మార్గదర్శి సంతకం ఉండాలి; మార్గదర్శి ఎవరన్నది దరఖాస్తు మంజూరయ్యాక తెలియజేస్తారు. దారి ఖర్చులు ముందు తాను పెట్టుకుని తర్వాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లును ఫినాయిలు, చీపుర్లు కొనే ఇతరముల పద్దు కింద చెల్లిస్తారు గనుక ఆ త్రైమాసికంలో గ్రంథాలయం ఊడ్చినట్టు ధ్రువపత్రం జతచేయాలి. ఆ వారం రోజులూ గ్రంథాలయాన్ని మూసివేయరాదు. తాళంచెవులను అన్యులకు అప్పగించరాదు. రెండో ఉద్యోగి లేని గ్రంథాలయంలో ఈ రెండు షరతులనూ ఏకకాలంలో పాటించి శిక్షణకు ఎలా బయలుదేరాలన్న సాంకేతిక విషయాన్ని ఉపసంఘానికి నివేదించాము. ఉపసంఘం సమావేశ మందిరంగా గ్రంథాలయాన్నే కేటాయించడం జరిగింది. కుర్చీలు వేయించే పని ఆయనకే చెప్పాము.